భూమి కాగితాల్లో దొరికిన మనిషి
(స్కాట్లాండ్ వెడర్‌బర్న్ కుటుంబం – పాత కోర్టు రికార్డులు)



స్కాలర్‌షిప్ ఫారం నింపే రోజు మనందరికీ గుర్తే. తండ్రి పేరు, వృత్తి, వార్షికాదాయం, ఆ తర్వాత "భూమి వివరాలు" అనే గడి. మా గదిలో పదిమందిమి ఉంటే తొమ్మిదిమందిమి అక్కడ "లేదు" అని రాసేవాళ్ళం. ఒక్కడికి మాత్రం ఎకరం ముప్పై గుంటల పట్టా ఉండేది. వాణ్ణి మేం "దొరగారూ" అని ఆటపట్టించేవాళ్ళం.

తర్వాత నేను లా చదువుతున్నప్పుడు ఆ గడి మళ్ళీ గుర్తొచ్చింది. భూమి ఉన్నవాడి చరిత్ర పట్టాలో, పహాణీలో, రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటుంది. తాత పేరు, ముత్తాత పేరు అన్నీ దొరుకుతాయి. మరి "లేదు" అని రాసినవాడి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు నాకు ఒక జవాబు చాలా దూరదేశంలో దొరికింది. స్కాట్లాండ్‌లో ఒక భూస్వామ్య కుటుంబం కథ చదువుతుంటే ఆ కుటుంబం కాగితాల మధ్య నుంచి ఏ భూమీ లేని ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఆ సంగతి, దానితోపాటు పాత లీగల్ రికార్డులు ఎలా చదవాలో మీకు చెప్పాలని ఈ వ్యాసం.

స్కాట్లాండే ఎందుకు?

స్కాట్లాండ్ బ్రిటన్‌కు ఉత్తర భాగం. 1707లో ఇంగ్లండ్‌తో కలిసి ఒకే పార్లమెంటు కిందికి వచ్చినా, స్కాట్లాండ్ తన చట్టాలను, తన కోర్టులను విడిగానే ఉంచుకుంది. ఎడింబరోలోని సెషన్ కోర్టు 1532లో ఏర్పడింది. ఈనాటికీ అక్కడ అదే పెద్ద సివిల్ కోర్టు. కోర్టులు ఆగకుండా నడిచాయి కాబట్టి రికార్డులూ ఆగకుండా పోగయ్యాయి. నాలుగైదు వందల ఏళ్ళ నాటి ఎస్టేటు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పటికీ వెతకవచ్చు.

ఆ రికార్డులు ఎడింబరోలో జాతీయ రికార్డుల కార్యాలయంలో ఉన్నాయి. దాని ప్రధాన భవనానికి 1774లో పునాది వేశారు. 1745లో రాజు మీద తిరుగుబాటు చేసిన ప్రభువుల ఎస్టేట్లు ప్రభుత్వం జప్తు చేసింది కదా, ఆ ఎస్టేట్ల మీద వచ్చిన డబ్బులోంచే ఈ భవనానికి సొమ్ము ఇచ్చారు. భూములు పోగొట్టుకున్నవాళ్ళ డబ్బుతో భూమి కాగితాలకు ఇల్లు కట్టారన్నమాట!

ఏ కాగితం ఏం చెబుతుంది?

స్కాట్లాండ్ భూస్వాముల చరిత్ర వెతికేవాళ్ళు ముఖ్యంగా ఐదు రకాల రికార్డులు చూస్తారు.

మొదటిది సేజిన్ రిజిస్టరు. పూర్వం అక్కడ భూమి అమ్మితే కాగితం రాసుకుంటే సరిపోయేది కాదు. కొనేవాడో అతని మనిషో ఆ పొలంలోకే వెళ్ళాలి. సాక్షుల ఎదుట ఆ నేల మట్టి, రాయి చేతిలో పెట్టించుకోవాలి. నోటరీ ఆ తతంగమంతా రాసేవాడు. అలా స్వాధీనం ఇవ్వడాన్నే సేజిన్ అంటారు. 1617 నుంచి ఈ పత్రాలను ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కించడం తప్పనిసరి చేశారు. మట్టి చేతిలో పెట్టే తంతు 1845లో పోయింది గాని రిజిస్టరు మాత్రం కొనసాగింది. 1981 నుంచి దాని స్థానంలో కొత్త భూమి రిజిస్టరు వస్తోంది. మన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సి. తీయించుకుంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు ఎలా కనిపిస్తాయో ఇదీ అలాంటిదే.

రెండోది వారసుల రికార్డు. భూస్వామి చనిపోతే "నేనే వారసుణ్ణి" అని కొడుకు రుజువు చేసుకోవాలి. స్థానికులతో జ్యూరీ కూర్చుని విచారించి, అవును ఇతనే వారసుడని తేల్చి ప్రభుత్వానికి తిరిగి పంపేది. చాలాకాలం ఇవి లాటిన్ భాషలో రాసేవారు. చనిపోయినవాడి పేరు, వారసుడి పేరు, ఇద్దరి బంధుత్వం ఇందులో ఉంటాయి కాబట్టి వంశవృక్షం గీసేవాళ్ళకు ఇది బంగారం లాంటిది. అయితే ఒక జాగ్రత్త ఉంది. గొడవ వస్తే తప్ప కొందరు ఈ పని చేయించుకునేవాళ్ళు కాదు. తండ్రి పోయిన ఇరవై ముప్పై ఏళ్ళకు రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి రికార్డు తేదీని మరణం తేదీ అనుకోకూడదు.

మూడోది దస్తావేజుల రిజిస్టరు. పెళ్ళి ఒప్పందాలు, అప్పు పత్రాలు, పంపకాలు ఇందులో నమోదు చేయించుకునేవారు. స్కాట్లాండ్‌లో పెళ్ళయిన తర్వాత కూడా చట్టపరమైన పత్రాల్లో స్త్రీని పుట్టింటి పేరుతోనే రాస్తారు. దానివల్ల కోడళ్ళు ఏ ఇంటినుంచి వచ్చారో తెలుస్తుంది.

నాలుగోది చనిపోయినవారి చరాస్తి జాబితా. 1868 వరకు స్కాట్లాండ్‌లో భూమిని వీలునామాతో రాసివ్వడానికి వీలుండేది కాదు. భూమి మామూలుగా పెద్దకొడుక్కు పోయేది. ఈ పద్ధతి చట్టంలో 1964 దాకా ఉంది. కాబట్టి ఈ జాబితాల్లో భూమి ఉండదు. పశువులు, ధాన్యం, సామాను, రావలసిన బాకీలు ఉంటాయి.

ఐదోది కోర్టు కేసుల కట్టలు. మొదటి నాలుగూ ఆస్తిని కాపాడటానికి ఆస్తిపరులు రాయించుకున్నవి. ఐదోదాంట్లో మాత్రం ఎదుటివాడి మాట కూడా ఉంటుంది. ప్రతివాది ఎంత పేదవాడైనా, అతను చెప్పింది కాగితం మీదికి ఎక్కాల్సిందే. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

వెడర్‌బర్న్ కుటుంబం

డండీ పట్టణం దగ్గర బ్లాక్‌నెస్ అనే చోట వెడర్‌బర్న్‌లు పేరున్న కుటుంబం. 1704లో ఆ ఇంటి పెద్దకు బారొనెట్ బిరుదు వచ్చింది. అది తండ్రి నుంచి కొడుక్కు వచ్చే బిరుదు. ఐదో బారొనెట్ సర్ జాన్ వెడర్‌బర్న్ 1745 తిరుగుబాటులో చేరాడు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదార్లు ఓడిపోయారు. ఆయన పట్టుబడ్డాడు. అదే సంవత్సరం నవంబరు 28న లండన్ దగ్గర రాజద్రోహ నేరానికి ఆయన్ను ఉరితీశారు. బిరుదు రద్దయింది. కుటుంబం వీధిన పడింది.

ఆయన కొడుకు పేరు కూడా జానే. అప్పటికి ఇంకా కుర్రవాడు. తండ్రితోపాటు యుద్ధంలో ఉండి తప్పించుకున్నాడు. ఓడ ఎక్కి వెస్టిండీస్‌లోని జమైకా దీవికి చేరాడు. తమ్ముడు జేమ్స్ కూడా అక్కడికే వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఇద్దరూ చెరకు తోటలతో ధనవంతులయ్యారు. 1760ల చివర జాన్ స్వదేశం తిరిగి వచ్చాడు. పెర్త్ జిల్లాలో బాలిండీన్ అనే ఎస్టేటు కొన్నాడు. ఒక ప్రభువు కూతురిని పెళ్ళి చేసుకున్నాడు.

భూమి రికార్డు చూస్తే మనకు కనిపించేది ఇంతే: ఫలానా ఎస్టేటు ఫలానా వ్యక్తికి వచ్చింది. చెడిన కుటుంబం ఒకటి మళ్ళీ బాగుపడింది. చదివినవాళ్ళు "పట్టుదల అంటే ఇదీ" అని మెచ్చుకోవచ్చు కూడా. ఆ ఎస్టేటు కొన్న డబ్బు ఎవరి చెమటో సేజిన్ రిజిస్టరు చెప్పదు. అది తెలియాలంటే జమైకా కాగితాలు తిరగెయ్యాలి. అక్కడ తోటల యజమానుల ఆస్తి జాబితాల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల పేర్లుంటాయి. పేరు పక్కన వెల ఉంటుంది. వాళ్ళ తర్వాత ఎడ్లు, గాడిదలు, వాటి వెల.

కోర్టు కట్టలో జోసెఫ్ నైట్

జాన్ వెడర్‌బర్న్ జమైకా నుంచి వస్తూ ఒక యువకుణ్ణి వెంట తెచ్చుకున్నాడు. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చి అమ్మితే కొనుక్కున్నాడు. ఆ ఓడ కెప్టెన్ పేరు నైట్. అందుకని ఆ పిల్లవాడి పేరు జోసెఫ్ నైట్ అయ్యింది. అమ్మానాన్న పెట్టిన పేరేమిటో ఎవరూ రాయలేదు.

బాలిండీన్ ఇంట్లో నైట్ నౌకరు. చదవడం నేర్చుకున్నాడు. తమ్ముళ్ళూ, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథ తిరిగింది ఇక్కడే. 1772లో ఇంగ్లండ్‌లో సోమర్సెట్ అనే బానిస కేసులో తీర్పు వచ్చింది. యజమాని అతన్ని బలవంతంగా దేశం దాటించి తీసుకుపోవడానికి వీల్లేదని లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పాడు. ఆ వార్త పత్రికలో వచ్చింది. నైట్ చదివాడు. తనకూ హక్కుందని అనుకున్నాడు.

1773లో అదే ఇంట్లో పనిచేసిన ఆన్ థామ్సన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. భార్యను పోషించుకోవాలి, జీతం కావాలి అన్నాడు. యజమాని ఒప్పుకోలేదు. అయితే వెళ్ళిపోతానని సామాను సర్దుకున్నాడు. యజమాని పెర్త్ జిల్లా మేజిస్ట్రేట్లకు చెప్పి అతన్ని పట్టించాడు. ఆ కాలంలో మేజిస్ట్రేట్ పదవిలో కూర్చునేది చుట్టుపక్కల భూస్వాములే. కాబట్టి నైట్ యజమాని దగ్గరే ఉండాలని చెప్పడం వాళ్ళకు కష్టం కాలేదు.

నైట్ అక్కడితో ఆగలేదు. పెర్త్ షెరీఫ్ కోర్టుకు వెళ్ళాడు. 1774లో షెరీఫ్ డెప్యూటీ జాన్ స్వింటన్ తీర్పు చెప్పాడు: బానిసత్వాన్ని ఈ రాజ్యం చట్టాలు గుర్తించవు, అది ఆ చట్టాల మూలసూత్రాలకే విరుద్ధం. వెడర్‌బర్న్ పెద్దకోర్టుకు అప్పీలు చేశాడు. బానిస అనకపోయినా సరే, జీవితాంతం తనకు ఊడిగం చేయాల్సిన బాధ్యత నైట్‌కు ఉందని వాదించాడు. ఈ వాదన మనకు కొత్త కాదు. పేరు మారుస్తారు, పని మాత్రం అదే ఉంచుతారు. మనం వెట్టి అన్నదీ, పాలేరుతనం అన్నదీ అలాంటిదే కదా!

నైట్ తరఫున పెద్ద వకీళ్ళు నిలబడ్డారు. ప్రభుత్వ ప్రధాన న్యాయవాది హెన్రీ డండాస్ కూడా ఆయన పక్షానే వాదించాడు. ప్రసిద్ధ రచయిత శామ్యూల్ జాన్సన్ వాదనలు రాయడానికి సాయం చేశాడు. 1778 జనవరి 15న సెషన్ కోర్టు తుది తీర్పు ఇచ్చింది. జమైకా చట్టం అన్యాయమైనది, ఇక్కడ చెల్లదు, ఏ కాలపరిమితికీ నైట్ సేవ మీద యజమానికి హక్కు లేదు అని మెజారిటీ జడ్జీలు తేల్చారు. జోసెఫ్ నైట్ స్వేచ్ఛాజీవి అయ్యాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే స్కాట్లాండ్‌లో బొగ్గుగనుల కూలీలు, ఉప్పు కొఠారుల కూలీలు 1606 చట్టం ప్రకారం జీవితాంతం ఒకే యజమానికి కట్టుబడి ఉండేవాళ్ళు. వాళ్ళు తెల్లవాళ్ళే. వాళ్ళ విడుదల 1775 చట్టంతో మొదలై 1799 చట్టంతో పూర్తయ్యింది. మన దేశంలో వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది.

ఈ కేసు కట్ట ఎడింబరో రికార్డుల్లో ఈరోజుకీ భద్రంగా ఉంది. 2003లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లాండ్ రచయిత దీని మీద "జోసెఫ్ నైట్" పేరుతో నవల రాశాడు. కాని 1778 తర్వాత నైట్ ఏమయ్యాడో, ఎక్కడ బతికాడో, ఎక్కడ పోయాడో తెలియదు. కేసు ఉన్నంతకాలమే కాగితం అతన్ని గుర్తుపెట్టుకుంది. కేసు అయిపోగానే అతను మళ్ళీ ఆస్తిలేని మామూలు మనిషి. రికార్డు అతన్ని వదిలేసింది.

గుమ్మం ముందు నిలబడ్డ కొడుకు

జాన్ తమ్ముడు జేమ్స్ కథ ఇంకోటి. ఆయన కూడా డబ్బుతో తిరిగి వచ్చి ఎడింబరో దగ్గర ఇన్వెరెస్క్‌లో స్థిరపడ్డాడు. జమైకాలో రోసాన్నా అనే బానిస స్త్రీ వల్ల ఆయనకు పిల్లలు కలిగారు. ఆమె కడుపుతో ఉండగానే ఆమెను అమ్మేశాడు. పుట్టబోయే బిడ్డ మాత్రం స్వేచ్ఛగా పుట్టాలని షరతు పెట్టారు. 1762లో అలా పుట్టినవాడు రాబర్ట్ వెడర్‌బర్న్.

రాబర్ట్ కుర్రవాడిగా ఓడ మీద బ్రిటన్ వచ్చాడు. దర్జీ పని చేశాడు. ఒకసారి ఇన్వెరెస్క్ వెళ్ళి తండ్రి గుమ్మం ముందు నిలబడ్డాడు. తండ్రి గెంటేశాడు. తిరిగి వచ్చేటప్పుడు తన చేతికి దక్కింది కొంచెం పలచటి బీరు, ఒక పగిలిన ఆరు పెన్నీల నాణెం అని తర్వాత రాసుకున్నాడు. ఆయన లండన్‌లో పేదల పక్షాన, బానిసల పక్షాన ఉపన్యాసాలిచ్చి జైలుకు వెళ్ళాడు. 1824లో ఆయన తన కథను పత్రికకు రాస్తే, జేమ్స్ చట్టబద్ధమైన కొడుకు ఆండ్రూ కోల్విల్ అదంతా అబద్ధమని జవాబిచ్చాడు. రాబర్ట్ అదే ఏడాది తన జీవితాన్ని పుస్తకంగా అచ్చువేయించాడు.

వారసుల రికార్డు వెతికేవాళ్ళకు రాబర్ట్ దొరకడు. ఆ జ్యూరీ ముందుకు వెళ్ళే హక్కు అతనికి లేదు. ఆండ్రూ అన్న పేరుకు "వెడర్‌బర్న్" బదులు "కోల్విల్" అని ఉండటం చూసి మరో కుటుంబం అనుకునే ప్రమాదమూ ఉంది. ఆస్తి కోసం, బంధుత్వం కోసం ఇంటిపేర్లు మారేవి. కాబట్టి పేరొక్కటే పట్టుకుని వెళ్తే దారి తప్పుతాం. భూమి, బంధుత్వం, తేదీ మూడూ కలిపి చూడాలి.

మన దేశంతో ఉన్న సంబంధం

బాలిండీన్ జాన్ 1803లో చనిపోయాడు. ఆ ఏడాదే ఆయన కొడుకు డేవిడ్‌కు కొత్త బారొనెట్ బిరుదు వచ్చింది. డేవిడ్ తర్వాత ఆ బిరుదు సవతి తమ్ముడు జాన్‌కు పోయింది. ఆయన బొంబాయిలో కంపెనీ ఉద్యోగం చేసినవాడు. ఆయన చివరి కొడుకు విలియం. ఇండియన్ సివిల్ సర్వీసులో 1860లో చేరి, బొంబాయి రాష్ట్రంలో పనిచేసి 1887లో రిటైరయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు చూసి ఉంటారు. 1889 బొంబాయి కాంగ్రెస్‌కు, 1910 అలహాబాద్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన సర్ విలియం వెడర్‌బర్న్ ఆయనే. రైతుల అప్పుల బాధ తీర్చడానికి వ్యవసాయ బ్యాంకులు పెట్టాలని పోరాడినవాడు.

జోసెఫ్ నైట్‌ను బానిసగా ఉంచాలని కోర్టుకెక్కిన జాన్‌కు ఈయన స్వయానా మనవడు. తాత చేసినదానికి మనవణ్ణి నిందించనక్కర్లేదు. మనవడి మంచితనం చూసి తాత చేసింది మరచిపోనూ అక్కర్లేదు. రికార్డు రెండూ చూపిస్తుంది. చూడటం మన పని.

1898లో ఆ వంశస్థుడే ఒకాయన ఇలాంటి పాత పత్రాలన్నీ వెతికి రెండు సంపుటాల కుటుంబ చరిత్ర అచ్చువేశాడు. భూమి ఉన్న కుటుంబానికి అది సాధ్యమయ్యింది. నైట్‌కు అలాంటి పుస్తకం లేదు. ఆయనకున్నది ఆ కోర్టు కట్ట ఒక్కటే. అది కూడా ఆయన తల వంచకుండా అర్జీ పెట్టబట్టి ఉంది. మేజిస్ట్రేట్లు చెప్పిన రోజునే "సరే దొరా" అని వెనక్కి పోయి ఉంటే ఈరోజు మనకు ఆయన పేరు కూడా తెలిసేది కాదు.

మనం చేయవలసింది

మా నాన్న కూలీ. నేను ఒకసారి ఊళ్ళో మా పెద్దలు దున్నిన భూమి పాత పహాణీ నకలు తీయించాను. పట్టాదారు కాలమ్‌లో ఎవరి పేరో ఉంది. అనుభవదారు కాలమ్‌లో ఒక సంవత్సరం మాత్రం మా తాత పేరు ఉంది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు. ఉత్త పేరు, అదీ తప్పు రాశారు. ఆ కాగితం నేను లామినేషన్ చేయించి పెట్టుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో అంతకంటే పాత కాగితం లేదు.

తమ్ముళ్ళూ, సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ తాతను, నాయనమ్మను కూర్చోబెట్టి అడగండి. ఎవరి పొలం దున్నారు, ఎంత ధాన్యం ఇచ్చేవారు, ఏ గొడవ జరిగింది, ఎవరు కోర్టుకు వెళ్ళారు అన్నీ అడిగి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. రేషన్ కార్డు, పాత పాస్‌బుక్కు, కులధృవీకరణ పత్రం, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు – ఏదీ పారేయకండి. తహసీల్దారు ఆఫీసులో పాత రికార్డు నకలు కావాలంటే అర్జీ రాయండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ మీద మీ పేరు, మీ తండ్రి పేరు, ఊరు పూర్తిగా రాయండి. రేపు ఎవరైనా వెతికితే దొరికేది ఆ అర్జీయే.

జోసెఫ్ నైట్ పత్రిక చదివాడు, తనకు హక్కుందని తెలుసుకున్నాడు, కోర్టులో అడిగాడు. ఆ మూడు పనులు చేయడానికే మనం ఈ హాస్టల్లో ఉన్నాం. ఫారంలో ఆ గడిలో "లేదు" అని రాయాల్సి వస్తే సిగ్గుపడకుండా రాయండి. కాని మన పేరు ఎక్కడా లేదని మాత్రం ఎవరితోనూ అనిపించుకోకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ సీనియర్, న్యాయవాది
(ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి)